పిల్లల మొదటి పోటీ ఏడాది: పరుగా, ఈతా, స్కేటింగా?

జూన్‌లో బడులు తెరిచిన రెండు వారాలకి ఈ ప్రశ్నలు మొదలవుతాయి. "మా బాబు బాగా పరిగెడతాడు, పోటీలకి పంపిద్దామనుకుంటున్నాం. లేకపోతే ఈతలో వేద్దామా? స్కేటింగ్‌లో అయితే మెడల్స్ తొందరగా వస్తాయంటున్నారు, నిజమేనా?" విజయనగరంలో మా వీధివాళ్లే ఓ అరడజను మంది నన్ను ఇలా అడిగి ఉంటారు. అడగడానికి కారణం ఉంది. మా పాప ఎనిమిదేళ్లప్పుడు స్కేటింగ్‌లో చేరి, పదేళ్లకి పరుగులోకి మారింది. బాబు ఈత పోటీలకి వెళ్తున్నాడు. మా కన్నవారి ఊరు ఆమదాలవలస. అక్కడ మా అన్నయ్య కూతురు వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటోంది. ఈ నాలుగింటిలోనూ మొదటి ఏడాది ఎలా ఉంటుందో దగ్గరుండి చూశాను. ఏడు నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలున్నవాళ్ల కోసం ఆ చూసింది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాదికి ప్రతిభ సంగతి పక్కన పెట్టండి. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల్లో ముందు వస్తున్నది ఎవరా అని చూస్తే, చాలాసార్లు నాలుగు నెలలు ముందు పుట్టినవాళ్లో, కాస్త ముందుగా ఎత్తు పెరిగినవాళ్లో అయి ఉంటారు. రెండేళ్లు పోతే ఆ తేడా కరిగిపోతుంది. ఇంటి నుంచి గ్రౌండుకి ఎన్ని నిమిషాలు, అక్కడ మీ పిల్లని ఎవరు చూసుకుంటారు అన్న రెండు విషయాలు మాత్రం ఏడాదంతా ఉంటాయి.

ఆట కంటే ముందు చూసుకోవలసినవి

మొదటిది దూరం. వారానికి నాలుగు రోజులు, పది నెలలంటే సుమారు 160 సార్లు వెళ్లిరావాలి. గ్రౌండు పావుగంట దూరంలో ఉంటే ఏడాదికి 80 గంటలు రోడ్డు మీద గడుస్తాయి. గంటన్నర దూరమైతే 480 గంటలు. విజయనగరం నుంచి విశాఖ దాదాపు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వందకి పైనే. "వారానికి మూడుసార్లు వైజాగ్ తీసుకెళ్తాం" అని ఉత్సాహంగా మొదలుపెట్టిన కుటుంబాలు నాకు తెలుసు. దసరా దాకా వెళ్లారు. ఆ తర్వాత పిల్ల కారులో నిద్రపోవడం, హోంవర్క్ ఉండిపోవడం, తండ్రికి సెలవు దొరకకపోవడం మొదలై ఆగిపోయారు. పిల్ల మాత్రం తనకి ఆట రాలేదని అనుకుంది. ఆ బాధ పోవడానికి చాలా రోజులు పట్టింది.

రెండోది కోచ్. ఫీజు అడిగేముందు మూడు సాయంత్రాలు ఊరికే వెళ్లి గట్టు మీద కూర్చోండి. ఒక్క మాస్టారు ఎంతమందిని చూస్తున్నారో లెక్కపెట్టండి. అందరికంటే వెనకబడిన పిల్లాడి దగ్గరికి ఆయన ఎన్నిసార్లు వెళ్లారో చూడండి. తల్లిదండ్రులు కూర్చోడానికి ఒప్పుకోని చోట చేర్చకండి, ఎంత పేరున్న చోటైనా సరే. ఆడపిల్లలైతే బట్టలు మార్చుకునే గది, తలుపు గడియ పడే బాత్‌రూము, నీళ్లు ఉన్నాయో లేదో మీరే లోపలికి వెళ్లి చూసి రండి. పదకొండు, పన్నెండేళ్ల ఆడపిల్లలు ఆట మానేయడానికి ఓటమి కంటే ఇవి లేకపోవడమే కారణమవడం నేను ఎక్కువగా చూశాను.

మూడోది ఖర్చు. ఇందులో మూడు రకాలున్నాయి: ఒకసారి కొనే సామాను, నెలనెలా ఫీజు, పోటీలప్పుడు ప్రయాణం, బస, ఎంట్రీ ఫీజు. మొదటి రెండూ అందరూ లెక్కేసుకుంటారు. మూడోదే నవంబరులో ఒక్కసారిగా మీద పడుతుంది. పిల్లతో పాటు ఒక పెద్దవాళ్లు వెళ్లాలి కాబట్టి ప్రతి ప్రయాణమూ రెండు టికెట్లు.

నాలుగోది, ఎక్కువమందికి తెలియనిది, వయసు గ్రూపులు. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 ఉంటాయి. అంటే మీ పదేళ్ల బాబు పదమూడేళ్లవాడి పక్క లైనులో నిలబడతాడు. అక్కడ ఆఖరున వచ్చాడంటే నెమ్మదిగా పరిగెడతాడని అర్థం కాదు, ఇంకా పదేళ్లవాడే అని అర్థం. స్కేటింగ్‌లో చిన్నపిల్లలకి రెండేసి ఏళ్ల గ్రూపులున్నాయి: 5 నుంచి 7, 7 నుంచి 9, 9 నుంచి 11. ఈత సంఘాల పోటీల్లోనూ గ్రూపులు చిన్నవే. బలహీనంగా ఉన్న పిల్లకి మొదటి ఏడాది ఇది పెద్ద ఊరట.

| చూడాల్సింది | పరుగు | ఈత | స్కేటింగ్ |
|---|---|---|---|
| మొదట కొనేవి | ఒక జత రన్నింగ్ షూ | ఈత దుస్తులు, టోపీ, కళ్లజోడు | స్కేట్స్, హెల్మెట్, మోకాలి, మోచేతి, మణికట్టు గార్డులు |
| దగ్గరలో దొరకడం | దాదాపు ప్రతి మండలంలో గ్రౌండు | పూల్ ఉన్న ఊళ్లలోనే | నున్నటి కాంక్రీటు, కోచ్ రెండూ ఉన్నచోటే |
| నెల ఖర్చు | తక్కువ | మధ్యస్తం | మధ్యస్తం, చక్రాలు అరిగితే ఎక్కువ |
| పోటీలో పక్కవాళ్లు | మూడేళ్లు పెద్దవాళ్లూ ఉండొచ్చు | దగ్గర వయసు | దగ్గర వయసు |
| మెరుగు తెలిసేది | స్టాప్‌వాచ్‌లో | స్టాప్‌వాచ్‌లో | చాలావరకు స్థానంలోనే |
| దెబ్బల భయం | మడమ, మోకాలి నొప్పులు | చెవి పోటు, భుజం అలసట | పడటం, మణికట్టు |
| వాన పడితే | మట్టి గ్రౌండు ఆగిపోతుంది | ఉరుములుంటేనే ఆగుతుంది | తడి నేల మీద అసలు వద్దు |

పరుగు

మన రెండు జిల్లాల్లో తేలిగ్గా మొదలుపెట్టగలిగేది ఇదే. విజయనగరంలో విజ్జీ స్టేడియం, శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియం ఉన్నాయి. అవి దూరమైతే హైస్కూల్ గ్రౌండు చాలు. తెల్లారుజామున మన గ్రౌండుల్లో ఆర్మీ, పోలీసు సెలక్షన్లకి పరిగెత్తే కుర్రాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లని చూస్తూ పరిగెత్తడం పిల్లలకి మంచి ఊపునిస్తుంది. కానీ వాళ్ల ప్రాక్టీసు మీ పిల్లది కాదు. వాళ్లు 1600 మీటర్ల కోసం పరిగెడతారు. తొమ్మిదేళ్ల పిల్లకి ముప్పై, నలభై మీటర్ల పరుగులు, గెంతులు, బంతి విసరడం చాలు.

జాతీయ స్థాయిలోనూ ఆలోచన ఇలాగే ఉంది. జిల్లాల జూనియర్ల కోసం భారత అథ్లెటిక్స్ సమాఖ్య జరిపే మీట్‌లో అండర్-14 పిల్లలకి ట్రయథ్లాన్ పెట్టారు. 60 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, వాటితో పాటు ఇంకో ఈవెంట్. మూడింటి పాయింట్లూ కలిపి ఫలితం చెబుతారు. పన్నెండేళ్ల పిల్లని 'నువ్వు 100 మీటర్ల అమ్మాయివి' అని ముద్ర వేయొద్దనే ఈ ఏర్పాటు. మీ మాస్టారు మొదటి నెలలోనే ఒకే ఈవెంట్‌కి కట్టేస్తే ఎందుకని అడగండి.

మా పాప మొదటి పోటీ మండల స్థాయిలో, 100 మీటర్లు. సున్నంతో గీసిన లైన్లు అప్పటికే సగం చెరిగిపోయాయి. విజిల్ ఊదగానే బాగానే కదిలింది. అరవై మీటర్ల దగ్గర తల పక్కకి తిప్పింది, పక్క లైను అమ్మాయి ఎక్కడుందో చూద్దామని. అంతే, ఇద్దరు దాటిపోయారు. ఇంటికొచ్చాక దాని గురించి నేనేమీ అనలేదు. మర్నాడు మాస్టారు టేపు ఉండే చోటికి ఐదు మీటర్లు వెనకాల ఒక ఇటుక పెట్టి, "అమ్మా, నువ్వు టేపు దగ్గరికి కాదు, ఆ ఇటుక దగ్గరికి పరిగెత్తు" అన్నారు. రెండు వారాల్లో తల తిప్పడం మానేసింది. ఇలా ఒక చిన్న పని చెప్పి సరిదిద్దే మనిషి దొరికితే ఆ గ్రౌండు వదలొద్దు.

బూట్ల సంగతి. మొదటి ఏడాది స్పైక్స్ (అడుగున మేకులుండే బూట్లు) వద్దు. మట్టి గ్రౌండు మీద మామూలు రన్నింగ్ షూ సరిపోతుంది. బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉంటే చాలు, 'పెరుగుతాడుగా' అని రెండు సైజులు పెద్దవి కొనకండి. మనవైపు చాలామంది పిల్లలు ఉత్తకాళ్లతోనే పరిగెడతారు. అలవాటైన పాదానికి ఇబ్బంది లేదు కానీ ముందుగా లైను పొడవునా ఒకసారి నడిచి గాజు పెంకులు, కంకర ఏరేయండి.

నొప్పుల దగ్గర జాగ్రత్త. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య మడమ వెనక ఎముక ఎదిగే చోట నొప్పి రావడం పరిగెత్తే పిల్లల్లో మామూలే. కొంచెం పెద్ద పిల్లలకి మోకాలి చిప్ప కింద బొడిపెలా వాచి నొప్పి పెడుతుంది. రెండూ ఎదుగుదలతో వచ్చేవే. పరుగు తగ్గించి విశ్రాంతి ఇస్తే తగ్గుతాయి. కుంటుతూ నడుస్తున్నా, రాత్రి నిద్రలో నొప్పికి లేస్తున్నా మాత్రం ఎముకల డాక్టరుకి చూపించాలి. 'నొప్పి ఉన్నా పరిగెత్తాలి, అదే ఆట' అనే మాట పిల్లల విషయంలో తప్పు.

పరుగులో లోటు ఏమిటంటే వాన. మన తీరంలో అక్టోబరు అంటే తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తుపాను లేని ఏడాదైనా దసరా ముందూ వెనకా గ్రౌండు బురదగానే ఉంటుంది. స్కూల్ పోటీల ఒత్తిడి కూడా సరిగ్గా అప్పుడే. ఆ రోజుల్లో మేడ మీద తాడాట, మెట్లు ఎక్కడం ఏర్పాటు చేసుకోండి.

ఈత

ఈతని రెండుగా విడదీసి ఆలోచించండి. ఈత రావడం ఒకటి, ఈత పోటీలకి వెళ్లడం ఇంకోటి. మొదటిది మన పిల్లలందరికీ కావాలి. నాగావళి, వంశధార, చంపావతి మన ఊళ్ల మధ్యనుంచే పోతున్నాయి, పక్కనే సముద్రం. కార్తీక స్నానాలకీ, పిక్నిక్‌లకీ వెళ్లిన పిల్లలు తిరిగి రాలేదన్న వార్త ఏటా ఏదో ఒక ఊరి నుంచి వినాల్సి వస్తోంది. అందుకే పోటీలు వద్దనుకున్నా ఒక వేసవి ఈతకి ఇవ్వండి అని అందరినీ బతిమాలుతుంటాను. పూల్‌లో నేర్చుకున్న ఈత నది ప్రవాహానికి సరిపోదన్నది కూడా పిల్లలకి చెప్పాలి.

ఇక పోటీ. ఆగకుండా, రొప్పకుండా 50 మీటర్లు ఈదగలిగాకే ఎంట్రీ ఇవ్వండి. దానికి చాలామంది పిల్లలకి ఒక వేసవి సరిపోదు. మా బాబుకి ఎనిమిది నెలలు పట్టింది. మొదటి ఏడాది 50 మీటర్ల ఫ్రీస్టైల్, ఇంకో స్ట్రోక్ (ఈత పద్ధతి) ఉంటే చాలు.

ఈతలో పిల్లలు ఏడ్చేది ఎక్కువగా ఓడినందుకు కాదు, డిస్‌క్వాలిఫై అయినందుకు, అంటే నియమం తప్పి ఆ రేసు లెక్కలోకి రాకుండా పోయినందుకు. బ్రెస్ట్ స్ట్రోక్‌లోనూ బటర్‌ఫ్లైలోనూ గోడని రెండు చేతులతో ఒకేసారి తాకాలి. బ్యాక్ స్ట్రోక్‌లో వెల్లకిలా ఉండగానే ముగించాలి. స్టార్ట్ సిగ్నల్ కంటే ముందు కదిలితే అక్కడితో సరి, రెండో అవకాశం లేదు. మా బాబు మొదటి బ్రెస్ట్ స్ట్రోక్ రేసులో రెండో స్థానంలో వచ్చి కుడి చెయ్యి ఒక్కటే ముందు ఆనించాడు. బోర్డు మీద పేరు పక్కన సమయం లేకపోయేసరికి ఏం జరిగిందో వాడికి అర్థం కాలేదు. తువ్వాలు కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఇంట్లో తలుపు మీద రెండు అరచేతులూ ఒకేసారి కొట్టే ఆట అప్పుడు మొదలుపెట్టాం. మీరు అది పోటీకి ముందే మొదలుపెట్టండి.

ఈతలో నాకు అన్నిటికంటే నచ్చింది గడియారం. ఎనిమిది మందిలో ఏడోవాడిగా వచ్చినా, పోయిన నెల కంటే రెండు సెకన్లు తగ్గితే వాడికి ఆ రోజు పండగే. పక్కవాడితో పని లేకుండా తన మెరుగు తనకి కనిపిస్తుంది. పరుగులోనూ ఇది ఉంది కానీ మట్టి గ్రౌండు, చేతి గడియారం వల్ల సమయం ఒక్కోరోజు ఒక్కోలా వస్తుంది. పూల్ పొడవు మాత్రం మారదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: 25 మీటర్ల పూల్‌లో మధ్యలో గోడని తన్నే అవకాశం ఉంటుంది కాబట్టి 50 మీటర్ల రేసు సమయం తక్కువ వస్తుంది. 50 మీటర్ల పొడవు పూల్ సమయంతో దాన్ని పోల్చి పిల్లని కంగారు పెట్టకండి.

ఇబ్బందులు: డిసెంబరు, జనవరి తెల్లవారుజామున వేడిచేయని నీళ్లలోకి దిగాలి. సన్నగా ఉన్న పిల్లలు వణికిపోతారు. అలాంటి పిల్లలకి సాయంత్రం బ్యాచ్ అడగండి. చెవి లాగితే నొప్పి అంటే లోపల నీరు నిలిచి పుండు పడుతోందని అనుమానించి డాక్టరుకి చూపించండి, ఇంట్లో నూనె పోయకండి. పూల్ నీళ్లు అడుగు కనిపించేంత తేటగా లేకపోతే ఆ రోజు దింపొద్దు. గట్టు మీద ఫోను చూస్తూ కూర్చునే లైఫ్‌గార్డ్ ఉన్నచోట అసలే వద్దు.

స్కేటింగ్

పిల్లలకి మొదటి చూపులోనే నచ్చేది ఇది. వేగం, మెరిసే చక్రాలు, హెల్మెట్. మా పాప కూడా అందుకే చేరింది. సంతోషంగానే చేసింది, కానీ మేం చేసిన తప్పులు చాలా ఉన్నాయి.

చేరిన మూడో వారంలోనే ఆ శిక్షణ కేంద్రంవాళ్లు ఇన్‌లైన్ రేసింగ్ స్కేట్స్ కొనమన్నారు, తమ దగ్గరే. పన్నెండు వేలు దాటింది. పైగా పాదం పెరుగుతుందని ఒక సైజు పెద్దది ఇచ్చారు. చీలమండ లోపలికి వాలిపోయేది. మడమ లేచి పడుతూ బొబ్బలు. బకిల్ ఎంత బిగించినా ఆగదు. సాక్సు విప్పితే మడమ దగ్గర గులాబీ రంగు చర్మం లేచి ఉండేది. పాప నొప్పని చెప్పలేదు, ఖరీదైనవి కొన్నామని తెలుసు కాబట్టి. ఆరో వారంలో ఇంకో పిల్ల తల్లి చూసి తమ పాత క్వాడ్ స్కేట్స్ ఇచ్చారు. ఆ రోజు సాయంత్రం పాప నవ్వుతూ తిరిగింది.

అసలు తేడా ఇది. క్వాడ్ అంటే ముందు రెండు, వెనక రెండు చక్రాలు. పాదం కింద నాలుగు మూలలా ఆనిక ఉంటుంది. ఇన్‌లైన్ అంటే చక్రాలన్నీ ఒకే వరస. నిలబడటానికే చీలమండలో బలం కావాలి. బ్యాలెన్స్ కుదిరాక మాత్రం దాని వేగం క్వాడ్‌కి రాదు. పోటీల్లో రెండింటికీ విడివిడి విభాగాలుంటాయి కాబట్టి క్వాడ్‌తో మొదలుపెడితే ఇన్‌లైన్ పిల్లల చేతిలో ఓడిపోతారనే భయం లేదు. ప్రపంచ స్థాయి స్పీడ్ స్కేటింగ్ అంతా ఇన్‌లైన్ మీదే. అందుకని దూరం వెళ్లే పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు మారాలి. నా మాట: తొమ్మిదేళ్ల లోపు, లేదా ఏ వయసైనా మొదటి ఆరు నెలలు, క్వాడ్. ఒంటికాలి మీద ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా జారగలిగితే ఇన్‌లైన్ గురించి ఆలోచించండి.

కొనేముందు పాత జత వెతకండి. మా ఆడపడుచు వాళ్లు అమెరికాలో కొలరాడోలో ఉంటారు. వాళ్లబ్బాయి మొన్న చలికాలం స్కీ రేసింగ్‌లో (మంచు మీద జారే పోటీలు) మొదటి సీజన్ చేశాడు. అక్కడ పిల్లల స్కీలు, బూట్లు సీజన్ మొత్తానికి అద్దెకిస్తారు, చలికాలానికి ముందు పాత సామాను అమ్ముకునే సంతలు పెడతారు. ఏడాదికో సైజు పెరిగే పాదానికి కొత్తది కొనడం అక్కడా భారమే. బూటు వదులుగా ఉంటే స్కీ మాట వినదని, సరిపడా బిగువుగానే తీసుకోవాలని వాళ్ల కోచ్ చెప్పాడట. మా స్కేట్స్ కథ గుర్తొచ్చింది. మనకి సంతలు లేకపోయినా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులున్నాయి. అడిగితే ఎవరి అటక మీదో ఒక జత దొరుకుతుంది. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి. పాతది ఎన్నిసార్లు నేలకి తగిలిందో పైకి తెలియదు.

మణికట్టు గార్డులు తప్పనిసరి. పిల్లలు పడేటప్పుడు చేతులు ముందుకి చాస్తారు, విరిగేదీ అక్కడే. మొదటి రెండు వారాలు పడటం నేర్పించే మాస్టారు మంచి మాస్టారు: మోకాళ్లు వంచి, ఒక పక్కకి, అరచేతులు పిడికిలి చేసి.

ఇక మెడల్స్ సంగతి. తొందరగా వస్తాయన్నది నిజమే. మనవైపు ఒక్కో వయసు విభాగంలో పిల్లలు తక్కువ. నలుగురు పరిగెడితే ముగ్గురికి మెడల్. కానీ ఎంతమందిలో వచ్చిందో పిల్లలకీ తెలుస్తుంది. దానికంటే పెద్ద సమస్య 'నేషనల్' అని పేరు పెట్టి ఎంట్రీ ఫీజు కట్టిన వాళ్లందరినీ పిలిచే ప్రైవేటు పోటీలు. డబ్బు కట్టేముందు ఒకటే అడగండి: ఇది జిల్లా సంఘం, రాష్ట్ర సంఘం ద్వారా గుర్తింపు పొందిన సమాఖ్యకి వెళ్లే పోటీయా? సూటిగా జవాబు రాకపోతే వెళ్లకండి.

స్కేటింగ్‌కి భవిష్యత్తు లేదని మాత్రం అనను. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023 అక్టోబరు 2న 3000 మీటర్ల రిలేలో మన అమ్మాయిల జట్టుకీ, అబ్బాయిల జట్టుకీ కాంస్యాలు వచ్చాయి. 2025లో చెన్నై కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 1000 మీటర్లలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అయితే ఇన్‌లైన్ స్పీడ్ స్కేటింగ్ ఒలింపిక్స్‌లో లేదు. మీ ఆలోచన అంత దూరం పోతుంటే ఇది తెలిసి ఉండాలి.

వెయిట్‌లిఫ్టింగ్ గురించి అడిగేవాళ్లకి

మన జిల్లాల్లో ఈ మాట లేకుండా పిల్లల ఆటల కబుర్లు పూర్తికావు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, ఆ తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో ఇంటింటా లిఫ్టర్లే అన్నంత పేరుంది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది.

కానీ అంతర్జాతీయ నిబంధనల్లో యూత్ పోటీలకి కనీస వయసు 13. అంతకంటే చిన్న పిల్లకి ఇది పోటీ ఆట కాదు, నేర్చుకునే ఆట. మా అన్నయ్య కూతురు మొదటి ఐదు నెలలూ కర్రతోనే స్నాచ్ చేసింది. బరువులెత్తితే ఎత్తు పెరగరన్నది అపోహ. సరిగ్గా చూసుకునే కోచ్ ఉంటే ఎదుగుదలకి అడ్డం లేదని పిల్లల డాక్టర్లు చెబుతారు. వెన్ను వంగినా బరువు పెంచే కోచ్ దగ్గరైతే నష్టమే.

సంతోషికి ముందు వచ్చింది కాంస్యం. బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్ (నిషేధించిన మందుల వాడకం) పరీక్షలో దొరకడంతో అది వెండి అయింది. ఆ నైజీరియా అమ్మాయికి అప్పుడు 16 ఏళ్లు. ఆ వయసులో ఆ మందు తనకి తానుగా వెతుక్కుని ఉంటుందా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఏ ఆటలోనైనా సరే, మీ పిల్లకి కోచ్ గానీ సీనియర్లు గానీ ఏ పొడి, ఏ మాత్ర ఇచ్చినా ఇంటికి తెచ్చి చూపించమని చెప్పండి. పన్నెండేళ్ల లోపు పిల్లకి గుడ్డు, పాలు, పప్పు, చోడి అంబలి చాలు.

మీ ఇంటికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ సాయంత్రం ఆరున్నరకి గానీ ఇల్లు చేరకపోతే, పొద్దున్న పరుగు. బడికి ముందే అయిపోతుంది, ఒకరు దింపితే ఇంకొకరు తీసుకురావచ్చు. తాతయ్య ఇంట్లో ఉంటే ఆయన్ని పంపించండి. పిల్ల పరుగు కంటే ఆయన నడక బాగుపడిన ఇళ్లు కూడా చూశాను.

ఊరు పట్టణానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే పరుగే, ఆలోచించక్కర్లేదు. మీ హైస్కూల్ పీఈటీ మాస్టారితో స్నేహంగా ఉండండి. మండల పోటీలకి పేరు పంపేది ఆయనే.

నలుగురిలో కలవని, ఎవరైనా చూస్తుంటే బిగుసుకుపోయే పిల్లకి ఈత బాగుంటుంది. తల నీళ్లలో ఉన్నంతసేపూ ఎవరూ కనపడరు, వినపడరు. నీళ్లంటేనే భయపడే పిల్లని మాత్రం పోటీ ఏడాది పేరుతో తోయకండి, ముందు ఒక వేసవి ఆడుకోనివ్వండి.

ఒక్కచోట కూర్చోలేని, పడినా లేచి నవ్వే పిల్లకి స్కేటింగ్. కోచ్, రింక్ (స్కేటింగ్ చేసే నున్నటి నేల) మీ ఊళ్లోనే ఉంటేనే. విశాఖ బీచ్ రోడ్డులో రింక్ చూసి మనసుపడితే ఆదివారం సరదాగా తీసుకెళ్లండి, అక్కడ శిక్షణకి కట్టేయకండి.

ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒకేచోట, ఒకే సమయంలో కుదిరేది ముందు చూడండి, ఆట ఏదైనా. మేం రెండు చోట్లకి తిరిగిన ఏడాది ఇంట్లో రాత్రి భోజనం ఎప్పుడూ పదింటికే.

సీటు కోసం, ఉద్యోగం కోసం అని మనసులో ఉంటే తప్పు కాదు, మన ఇళ్లలో ఆ ఆలోచన లేకుండా ఉండదు. కానీ మొదటి ఏడాది సర్టిఫికెట్లు దానికి పనికి రావు. స్పోర్ట్స్ కోటాకి ఏ ఆట, ఏ స్థాయి, ఎవరు నిర్వహించిన పోటీ అన్నవి చూస్తారు. ఆ మాట పిల్ల చెవిన ఇప్పుడే వేయకండి.

పోటీలు ఎన్ని, ఎప్పుడు

మొదటి ఏడాదికి నాలుగు. బడిలో ఒకటి, మండలంలోనో పట్టణంలోనో రెండు, కుదిరితే జిల్లా ఒకటి. బయటి జిల్లాకి బస పెట్టుకుని వెళ్లే పోటీ రెండో ఏటికి ఉంచండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం వారంలో విజయనగరంలో ప్రాక్టీసు సాగదు, ముందే సెలవిచ్చేయండి.

పోటీ రోజు పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, స్టడీ సర్టిఫికెట్ జిరాక్సులు మూడేసి పెట్టుకోండి. వయసు మీద అనుమానం వస్తే మణికట్టు ఎక్స్‌రే తీసే పద్ధతి కూడా ఉంది, అందుకని బడి రికార్డులో తేదీ తప్పుంటే ఇప్పుడే సరిచేయించండి. రేసుకి రెండున్నర, మూడు గంటల ముందు ఇడ్లీలు. రిపోర్టింగ్ ఎనిమిదింటికని చెప్పినా పిల్ల వంతు పదకొండుకి రావచ్చు, కాబట్టి గొడుగు, మజ్జిగ, అరటిపళ్లు, చదువుకోడానికి ఒక బొమ్మల పుస్తకం. రేసు అయ్యాక మొదటి పది నిమిషాలు సాంకేతిక విషయాలేవీ మాట్లాడకండి. నీళ్లివ్వండి. తనే మొదలుపెడుతుంది.

జనవరి ఆఖరికి, పరీక్షల హడావిడి రాకముందే, వచ్చే ఏడాది సంగతి అడగండి. "కొనసాగిస్తావా" అని అడిగితే మన ముఖం చూసి ఊ అంటారు. "ఈ ఏడాది ఏ రోజు బాగుంది, ఏ రోజు వెళ్లాలనిపించలేదు" అని అడిగితే అసలు మాట బయటికొస్తుంది.

మేం రథసప్తమికి అరసవల్లి వెళ్లి తిరిగొస్తున్న బస్సులో అడిగాం. పాప అప్పటికి రెండేళ్లుగా స్కేటింగ్‌లో ఉంది. కిటికీలోంచి చూస్తూ కాసేపు ఏమీ అనలేదు. "వార్మప్‌కి షూ వేసుకుని గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తారు చూడు, అది బాగుంటుంది. తర్వాత స్కేట్స్ వేసుకోవాలంటే బాగోదు" అంది. రణస్థలం దాటేసరికి ఇంకో మాట కూడా అంది. "స్కేట్స్ అమ్మేయకమ్మా. ఆదివారం మేడ మీద వేసుకుంటాను."